సమాధిరాయికి యాసిడ్ పోయొచ్చా?

నవంబరు 2 సమాధుల పండుగ దగ్గర పడుతోంది కాబట్టి కాబోలు, ఈసారి పాత శ్మశానాల మీద ఉత్తరాలు గుంపుగా వచ్చి పడ్డాయి. అన్నిటికీ చోటు లేదు. ఒకే సంగతి నలుగురు అడిగిన చోట ఒకరి ఉత్తరమే వేస్తున్నాం, మిగతా ముగ్గురూ ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఐయోవా రాష్ట్రంలో ఉంటారు. వేసవికి వాళ్ల దగ్గరికి వెళ్లాను. శనివారం వచ్చిందంటే ఇద్దరూ బకెట్లు, బ్రష్‌లు కారులో వేసుకుని మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఏదో పాత సమాధుల దగ్గరికి పోతున్నారు. వీళ్లతో వచ్చేవాళ్లంతా అరవై, డెబ్భై ఏళ్ల తెల్లవాళ్లు. అక్కడ పూడ్చినవాళ్లు వీళ్లెవరికీ చుట్టాలు కూడా కారట. ఇంటికి రాగానే తలస్నానం చేయమన్నాను, అమ్మాయి నవ్వింది. ఏమిటండీ ఈ పని? మైల కాదా?
ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తలస్నానం చేయించి మంచి పని చేశారమ్మా. మైల అనేది మీ ఇంటి ఆచారం, అందులో నేను వేలు పెట్టను. కానీ ఆ గడ్డిలో తిరిగొచ్చినవాళ్ల ఒంటికి పిడుదులు పట్టుకుని ఉండొచ్చు, వాటిలో కొన్ని లైమ్ జబ్బు అంటిస్తాయి. పాయిజన్ ఐవీ అని ఒక తీగ కూడా ఉంటుంది, దాని జిడ్డు వెంటనే కడుక్కోకపోతే ఒళ్లంతా దద్దుర్లే. అందుకని బట్టలు మార్చి స్నానం చేయమని అక్కడివాళ్లూ చెబుతారు. మీ అమ్మాయి నవ్వితే ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక పని సంగతి. ఐయోవాలో తెల్లవాళ్లు స్థిరపడటానికి 1833లో దారి తెరుచుకుంది, 1846లో అది రాష్ట్రమైంది. మొదట వచ్చిన రైతులకు దగ్గర్లో ఊరూ లేదు, చర్చీ లేదు. ఇంట్లో పసిబిడ్డ జ్వరంతో పోతే పొలంలోనే కాస్త మెరక చూసి పూడ్చేవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు కూడా తమవాళ్లను అక్కడికే తెచ్చేవాళ్లు, అలా పది ఇరవై సమాధులయ్యేవి. ఆ తరవాత భూములు చేతులు మారాయి, పిల్లలు ఇంకా మంచి నేల కోసం పడమటికి పోయారు, చివరికి చేల మధ్య ఆ అరెకరం ముక్కా, వంగిపోయిన పాలరాళ్లూ మిగిలాయి. వాటినే పయనీర్ సెమెటరీలు అంటారు. ఐయోవా చట్టంలో దీనికి లెక్క కూడా ఉంది: గడిచిన 50 ఏళ్లలో 12 ఖననాలు లేదా అంతకన్నా తక్కువ జరిగి ఉండాలి. కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, కావాలనుకుంటే వీటి కోసం ఒక కమిషన్ వేయవచ్చు. కమిషన్ అంటే ఆఫీసు, జీపు, అటెండరు అనుకునేరు, చాలా చోట్ల మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు కడిగేది మీరు చూసిన ఆ పెద్దవాళ్లే. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో కొలత. ఆరెగాన్‌లో 1909 ఫిబ్రవరి 14కు ముందు చనిపోయినవాళ్లు ఒక్కరున్నా చాలు, ఆ చోటు చారిత్రక శ్మశానమే.

ఇంకో విశేషం, దీని గురించి మీ అమ్మాయిని తప్పకుండా అడగండి. ఒకప్పుడు ఐయోవాలో ఎక్కువ భాగం నిలువెత్తు గడ్డి మైదానం. నాగలి పడ్డాక అందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. ఆ మిగిలిన కాస్తలో కొంత ఈ శ్మశానాల్లోనే ఉంది, ఎందుకంటే సమాధుల మధ్య ఎవరూ దున్నలేదు. సెడార్ కౌంటీలో రోచెస్టర్ సెమెటరీ అని 13 ఎకరాల చోటు ఉంది, అక్కడ పూసే అడవిపూలు చూడటానికే జనం వస్తుంటారు. ఇలాంటి చోట్ల వచ్చే పేచీ ఏమిటంటే, గడ్డి నున్నగా కోయాలా, పెరగనివ్వాలా అని. కోయకపోతే మావాళ్లను గాలికొదిలేశారంటారు కొందరు, కోస్తే మళ్లీ పుట్టని గడ్డి పోతుందంటారు ఇంకొందరు. నన్నడిగితే రాళ్ల చుట్టూ మూరెడు మేర చేత్తో కోసి, మిగతాది దాని మానాన వదిలేయడమే మేలు. పైగా తాడు తిరిగే గడ్డి మిషన్ రాయికి తగిలితే పాలరాయి మొదట్లో చెక్కుకుపోతుంది.

ప్రశ్న: మేం ఎన్.ఎస్.ఎస్. కుర్రాళ్లం, ఇరవై మంది దాకా ఉన్నాం. ఊరి చివర పాత క్రైస్తవ సమాధుల తోట సర్కారు తుమ్మతో నిండిపోయింది. రాళ్లు నల్లబడి పాకుడు పట్టి ఉన్నాయి. పండుగలోపు తెల్లగా చేసేయాలని ప్లాన్. ఒకడు బాత్రూం యాసిడ్, ఇనుప బ్రష్ చాలంటాడు, ఇంకొకడు ప్రెషర్ వాషర్ అద్దెకు తెద్దామంటాడు, ఆ తరవాత అక్షరాలకు సిల్వర్ పెయింట్. ఓకేనా సార్?
డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఒక్కటీ ఓకే కాదు తమ్ముడూ. పల్నాటి నాపరాయైనా, పాలరాయైనా సున్నపు జాతి రాళ్లే. యాసిడ్ పడగానే బుసబుసా నురగ వస్తుంది, మురికి పోతోందని మనం సంబరపడతాం, పోతున్నది రాయి. చెక్కిన అక్షరం లోతే అంతంతమాత్రం, రెండు మూడు పండుగలు ఇలా కడిగితే పేరు మాయమవుతుంది. ఇనుప బ్రష్ గీతలు పెడుతుంది, దాని ముక్కలు రాయిలో ఇరుక్కుని తుప్పు మరకలు తెస్తాయి. ప్రెషర్ వాషర్ పైపొరను లేపేసి నీళ్లను లోపలికి కొడుతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, దాని ఉప్పు రాయిలో మిగిలిపోయి తరవాత పెచ్చులు లేస్తాయి.

మరి ఏం చేయాలి? మొదటి రోజు అసలు బ్రష్ పట్టుకోవద్దు. నోటుబుక్కు, టేపు, ఫోను తీసుకెళ్లండి. తోట మొత్తానికి ఒక పటం గీసి, ఒక్కో సమాధికి ఒక్కో నంబరు ఇచ్చి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయండి. రాత ఎలా ఉంటే అలాగే రాసుకోండి, తప్పులు దిద్దకండి. పాత తెలుగు రాళ్ల మీద ౧౮౭౬ లాంటి తెలుగు అంకెలు ఉండొచ్చు, అరసున్నలు, బండి ఱ ఉండొచ్చు, తెలియకపోతే మీ తెలుగు లెక్చరర్‌ను లాక్కెళ్లండి, ఆయనకూ కాస్త గాలి తగులుతుంది. అక్షరాలు కనిపించకపోతే సుద్ద, పిండి, షేవింగ్ క్రీమ్ లాంటివేవీ పూయొద్దు. ఇంట్లో నిలువుటద్దం ఉంటే తెచ్చి ఎండను పక్క నుంచి రాయి మీదికి మళ్లించండి, గుంటల్లో నీడ పడి అక్షరాలు లేచి కనపడతాయి. చీకటి పడ్డాక ఫోను టార్చి పక్కవాటుగా వేసినా ఇదే జరుగుతుంది, కాకపోతే పాముల సంగతి గుర్తుంచుకుని ఆ ప్రయోగం గేటు దగ్గరి రాళ్లకే పెట్టుకోండి.

కడగటం ఆ తరవాత. ముందు వేలితో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చినా, పొర లేస్తున్నా, రాస్తే పొడి రాలుతున్నా ఆ రాయిని ముట్టుకోవద్దు. గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా తడిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దండి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాయి మీదుగా కారి చారలు కడతాయి. పాకుడు కదలకపోతే ఇంకోసారి తడిపి కాసేపు ఆగి వెదురు పుల్లతో గీకండి. అమెరికా వాలంటీర్లు డీ/2 అనే ద్రావణం వాడతారు, కొట్టి వదిలేస్తే నాచు కొన్ని వారాల్లో మెల్లగా చచ్చిపోతుంది. మనకు ముందు నీళ్లు చాలు. రాయి కొత్తదానిలా తెల్లబడదు, తెల్లబడక్కర్లేదు కూడా. ఒకసారి కడిగాక కొన్నేళ్లు దాని జోలికి పోవద్దు.

నిజానికి మన దగ్గర అక్షరాలను పాకుడు కన్నా ఎక్కువగా మింగేది వెల్ల. ప్రతి పండుగకూ కుటుంబాలు సున్నం వేస్తాయి, ఇప్పుడు ఎనామిల్ రంగులు, సిల్వర్ పెయింటు. అంతా ప్రేమతోనే, కాదనను. కానీ పొర మీద పొర పడి తాతగారి పేరు పూడిపోయిన సమాధులు ఎన్ని లేవు! చెక్కిన పలకను వదిలేసి చుట్టూ ఉన్న గచ్చుకు మాత్రమే వెల్ల వేయమని ఇంటింటికీ వెళ్లి చెప్పండి. మీ ఇరవై మందీ ఈ ఏడాదికి ఇదొక్కటే చేసినా నేను ఫుల్ మార్కులు వేస్తాను.

సిమెంటు కూడా వద్దు. పాత సమాధులు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి, ఆ సున్నం మెత్తన, తేమను బయటికి పోనిస్తుంది. మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి ఇటుక పొడవుతుంది. పాత గుళ్లకు, మండువా ఇళ్లకు రిపేర్లు చేసే మేస్త్రీలలో సున్నం పని తెలిసినవాళ్లు ఇంకా దొరుకుతారు, వాళ్లను వెతకండి. వంగిన రాళ్లను మీరే నిలబెట్టేయకండి. మూడడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పలక నూరు కిలోలు దాటుతుంది, కాలి మీద పడితే మీ ఎన్.ఎస్.ఎస్. సర్టిఫికెట్ ఆసుపత్రికి తెచ్చి ఇవ్వాల్సి వస్తుంది. విరిగిన ముక్కలుంటే నంబరు రాసి అదే సమాధి దగ్గర భద్రంగా పెట్టండి, బయటికి తీసుకెళ్లొద్దు.

సర్కారు తుమ్మను పైపైన నరికితే ఇంకా గుబురుగా లేస్తుంది. సమాధులకు దూరంగా ఉన్నవాటిని వేరుతో తవ్వేయండి, ఆనుకుని ఉన్నవాటిని తవ్వొద్దు, నేలమట్టంగా కోసి చిగుళ్లు వచ్చినప్పుడల్లా మళ్లీ కోస్తూ ఉండాలి. ఇటుకల్లో మొలిచిన రావి మొక్క లేతగా ఉంటే పీకండి, ముదిరితే లాగొద్దు, గోడ కూడా వెంట వస్తుంది. ముళ్లకు చెప్పులు ఆగవు, మోకాళ్ల దాకా గంబూట్లు, చేతికి కర్ర. కట్లపాము, రక్తపింజరి రెండూ మన నేలవే, కాటు పడితే కట్లూ కోతలూ పెట్టకుండా నేరుగా పెద్దాసుపత్రికి. వయ్యారిభామ కలుపు మొక్క ఉంటే మూతికి గుడ్డ. ఇవన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చేసే పనులు, పండుగలోపు అన్న తొందర వదిలేయండి.

ప్రశ్న: మా వాకింగ్ గ్రూపు కొండపల్లి ఖిల్లాకి వెళ్లినప్పుడు అక్కడ ఇంగ్లీషువాళ్ల సమాధులు చూశాం. బందరులో డచ్చివాళ్లవి ఉన్నాయన్నారు. ఆదివారాలు వెళ్లి శుభ్రం చేద్దామనుకుంటున్నాం. ఎవరి పర్మిషన్ కావాలి?
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: బందరు డచ్చి సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 17, 18 శతాబ్దాల నాటివి, రాళ్ల మీద వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి, చూడదగ్గవే. కానీ 1958 చట్టం కింద రక్షిత కట్టడాన్ని మంచి ఉద్దేశంతో గీకినా నేరమే. అక్కడ మీరు చేయగలిగింది చూడటం, ఫొటో తీయటం, ఏదైనా పాడైతే శాఖకు ఉత్తరం రాయటం. కొండపల్లిలో కూడా కోట చూసుకునే అధికారులను అడగకుండా గడ్డిపోచ పీకకండి.

మామూలు శ్మశానాలైతే ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోవాలి. చర్చిదైతే పాస్టరు గారు, సంఘ పెద్దలు. గ్రామానిదైతే పంచాయతీ, రికార్డులో ఏముందో వి.ఆర్.ఓ. దగ్గర చూసుకోండి. కాగితం మీద అనుమతి తీసుకోండి, నోటిమాట చాలదు. అక్కడ పూడ్చినవాళ్ల కుటుంబాలు ఊళ్లోనే ఉంటే వాళ్లకు చెప్పకుండా అసలు వెళ్లొద్దు. మనసు నొప్పించే ఉద్దేశంతో శ్మశానంలో అడుగుపెట్టడం భారతీయ న్యాయ సంహిత 301 కింద నేరం, మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, చీకట్లో గునపాలతో పదిమందిని చూసిన ఊరివాళ్లకు తెలియదుగా.

మీలాంటివాళ్లకు సరిపోయే పని ఇంకోటుంది. మద్రాసు రాజధానిలోని పాత సమాధి శాసనాల జాబితా ఒకటి 1905లోనే అచ్చయింది, బందరువి అందులో చాలానే ఉన్నాయి. లండన్‌లో 1976 నుంచి దక్షిణాసియాలోని యూరోపియన్ శ్మశానాల కోసం బాక్సా అనే సంఘం పనిచేస్తోంది, వాళ్లు సేకరించిన రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఉంటాయి, మరమ్మతులకు చిన్న సాయాలూ చేస్తారు. ఆ పాత జాబితా పట్టుకుని ఇప్పుడు ఏది ఉంది, ఏది లేదు అని సరిచూస్తే, దానికి చీపురు కూడా అక్కర్లేదు. బ్యాంకులో లెడ్జర్లు టాలీ చేసిన చెయ్యి మీది.

ప్రశ్న: అమెరికాలో వంచిన రెండు ఇనుప తీగలు పట్టుకుని నడుస్తూ, అవి అడ్డంగా తిరిగిన చోట సమాధి ఉందని చెప్పేస్తున్నారు, వీడియో చూశాను. మన దగ్గర కొబ్బరికాయతో నీళ్లు చూసినట్టే ఉంది. పనిచేస్తుందా?
మైలవరం పాఠకుడు

జవాబు: రెండూ ఒకే బాపతు. కొబ్బరికాయ నిలబడ్డ చోట బోరు వేసి అప్పుల పాలైన రైతులను మీరూ నేనూ చూడలేదా? పరీక్ష పెట్టి చూస్తే ఆ తీగలు నిలవవు, అయినా అక్కడి వాలంటీర్లలో చాలామందికి వాటి మీద గురి, తోటి పెద్దాయనతో గొడవెందుకని మిగతావాళ్లు ఊరుకుంటారు. పనికొచ్చే గుర్తులు వేరే ఉన్నాయి. పూడ్చిన చోట మట్టి కుంగి మనిషి పొడవున పల్లం పడుతుంది. వాళ్లు ఎక్కువగా తూర్పు పడమరలుగా పూడ్చేవాళ్లు కాబట్టి వరస దొరికితే ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. ఐరిస్, పియొనీ పూలమొక్కలు, నేల మీద పాకే వింకా తీగ అడవిలో గుంపుగా కనపడితే అక్కడ ఒకప్పుడు ఎవరో నాటారన్నమాట. పడిపోయి మట్టిలో కూరుకున్న రాయిని సన్నటి ఊచతో మెల్లగా గుచ్చి పట్టుకుంటారు, అదీ పై అడుగు లోతు వరకే. ఊచ ఇంకా కిందికి దిగితే ఏం తగులుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: తెల్లదొరల గోరీలకు ఇంత సేవ ఎందుకండీ? మా పేట శ్మశానానికి వానాకాలం శవాన్ని మోయడానికి దారే లేదు. ముందు అది రాయండి.
పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: రాస్తున్నాను. మీ కోపం న్యాయమైనదే. దారి లేని శ్మశానాలు మన జిల్లాల్లో ఎవరి పేటలవో అందరికీ తెలుసు, చచ్చాక కూడా ఊరు వేరు, వాడ వేరు. గుడ్డ పట్టుకుని దొరల రాయి తుడిచే ముందు అక్కడ రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించడం మంచి పని అంటే నేను ఒప్పుకుంటాను.

ఈ గొడవ అమెరికాలోనూ జరిగింది, అదీ ఐయోవాలోనే. 1971లో గ్లెన్‌వుడ్ దగ్గర రోడ్డు వేస్తుంటే పాత సమాధులు బయటపడ్డాయి. 26 మంది తెల్లవాళ్ల అస్థికలను మర్యాదగా మళ్లీ పూడ్చారు. అక్కడే దొరికిన ఒక ఆదివాసీ స్త్రీ, ఆమె బిడ్డ ఎముకలను మాత్రం పరిశోధనకని ల్యాబ్‌కు పంపేశారు. యాంక్టన్ తెగకు చెందిన మరియా పియర్సన్‌కు ఈ సంగతి రోడ్ల శాఖలో పనిచేసే భర్త ద్వారా తెలిసింది. ఆవిడ తమ సంప్రదాయ దుస్తుల్లో నేరుగా గవర్నర్ ఆఫీసుకు వెళ్లి నిలదీసింది. పట్టు వదల్లేదు. 1976లో ఆదివాసీల ఖననాలను కాపాడే చట్టం వచ్చింది, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. పయనీర్ సెమెటరీల్లో పడుకున్న రైతులు దున్నిన నేల అంతకుముందు ఎవరిదో కూడా ఈ కథలోనే ఉంది.

మనవైపు చూస్తే, ఐయోవాలో ఆ మొదటి రైతులు దిగిన 1833లో గుంటూరు సీమ నందన కరువుతో అల్లాడుతోంది. దారుల వెంట పడిపోయినవాళ్లకు పూడ్చే దిక్కు లేదు, రాయి మాటెందుకు. కారంపూడిలో పల్నాటి వీరులకు గుడి ఉంది, కార్తీకంలో ఏటా ఉత్సవం చేస్తాం. కరువులో పోయిన కూలీకి ఏం ఉంది?

ఒక్క మాట మాత్రం సరిచేయాలి. పాత మిషన్ శ్మశానాలన్నీ దొరలవి కావు, మన దగ్గర వాటిలో ఎక్కువ మంది తెలుగువాళ్లే ఉంటారు, మొదటి తరం ఉపదేశకులు, పంతులమ్మలు, నర్సులు, చదువుకున్న మొదటి మనిషి అని ఇప్పటికీ ఆ ఇళ్లలో చెప్పుకునేవాళ్లు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ సమాధి మాత్రం ఇక్కడ లేదు. ఆయన 1873లో అమెరికాలో చనిపోయాడు, పెన్సిల్వేనియాలోని సోమర్సెట్ కౌంటీలో పూడ్చారు. అక్కడ ఉద్యోగాలు చేసుకునే గుంటూరు పిల్లలెవరైనా అటు వెళ్తే ఒక ఫొటో పంపండి, వేస్తాం.

ప్రశ్న: మా తోట బాగుకు దాతలు ముందుకొచ్చారు. గేటు దగ్గర గ్రానైట్ పలక మీద వాళ్ల పేర్లు పెద్దగా చెక్కిద్దామనుకుంటున్నాం. సలహా?
చర్చి కమిటీ సభ్యుడు, తెనాలి రోడ్డు

జవాబు: పలక పెట్టండి. మీద పటం, సమాధుల నంబర్లు, చదవగలిగిన పేర్లు, సంవత్సరాలు, చివర్లో దాతల పేర్లు చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరాల్లోనే కావాలని పట్టుబడితే లోపల కాదు, ప్రహరీ గోడ బయటివైపు పెట్టించండి. వచ్చిన డబ్బంతా మొదటి ఏడాదే రంగులకీ ఆర్చికీ పోయకుండా సగం బ్యాంకులో వేసి, ఏడాదికి రెండుసార్లు, వానలయ్యాక ఒకసారి, వేసవికి ముందు ఒకసారి, గడ్డి కోయడానికి ఒక మనిషికి కూలి వచ్చేలా చూడండి. రిపేరు చేసిన రెండేళ్లకే మళ్లీ తుమ్మలో కలిసిపోయిన తోటలు రిపేరు చేయనివాటి కన్నా ఎక్కువ ఉన్నాయేమోనని నా అనుమానం. ఇంతకీ ఆ కూలీ మనిషికి గంబూట్లు కమిటీయే కొనివ్వాలి, దాతల జాబితాలో ఆ పద్దు ఎవరూ రాయరు.